మూడు క్యూబులు, ఇరవై ఎనిమిది రోజులు

ఇరవై రెండేళ్లుగా నా పని రాళ్లు పగలగొట్టడం. క్వారీలో కాదు, ఆత్మకూరులో ఒక ఇంజనీరింగు కాలేజీలో. కాంక్రీటు ల్యాబుకి టెక్నీషియన్ని. పేరు వెంకటరమణయ్య. ఇంజనీర్లని తయారుచేసేది ప్రొఫెసర్లని జనం అనుకుంటారు. వాళ్లు ఎలా తయారవుతారో నేను మిషను పక్కన నిలబడి చూశాను. ఆ చూసిన దాంట్లో నాకు నచ్చింది తక్కువ, ఒళ్లు మండింది ఎక్కువ.

నా పనేమిటో ముందు చెప్పాలి. ఎక్కడైనా స్లాబు పోసేటప్పుడు ఆ కాంక్రీటులోంచే కొంత తీసి, అరడుగు ఇనప అచ్చుల్లో పోసి మూడు దిమ్మెలు చేస్తారు. వాటినే క్యూబులంటాం. మర్నాడు అచ్చు విప్పి వాటిని నీళ్లలో వేయాలి. సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలోనే ఉండాలి. ఆ తర్వాత మా మిషనులో పెట్టి అది పగిలేదాకా నొక్కుతాను. ఎంత బరువుకి పగిలిందో చూసి ఒక లెక్క కడతాం. మామూలు స్లాబుకి ఆ లెక్క ఇరవై రావాలి. ఇరవై ఏమిటని అడక్కండి, ఇరవై వస్తే పైకప్పు నిలుస్తుంది, అంతే.

కాంట్రాక్టర్లు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఏదో ఒక రోజు తీరిగ్గా కూర్చుని, సిమెంటు దండిగా కలిపి నలభై యాభై క్యూబులు పోయించి, బాగా నానబెట్టి షెడ్డులో పేర్చిపెట్టుకుంటారు. తర్వాత ఎక్కడ స్లాబు పోసినా సరే, నెల తిరిగేసరికి ఆ షెడ్డులోంచి మూడు తీసి, వాటి మీద స్లాబు తేదీ రంగుతో రాసి మా దగ్గరికి పంపుతారు. నేను పగలగొడతాను. ముప్పై ఎనిమిది వస్తుంది. ఇరవై రావాల్సిన చోట ముప్పై ఎనిమిది వస్తే సంతోషించకూడదు, అనుమానించాలి. ఆ రంగు నా వేళ్లకి అంటుకునేది. నెల రోజులు నీళ్లలో ఉన్న దిమ్మె మీద రంగు పచ్చిగా ఎలా ఉందని ఏ సారూ అడగలేదు. నేనూ అడగలేదు. కాగితంలో 'పరీక్షించినవారు' అని రాసి ఉన్నచోట సంతకం పెట్టేవాణ్ణి. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆఖరి సెమిస్టరులో పిల్లలు ఏదో ఒక పని జరిగేచోట ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. పోయినేడాది అరవై మంది సివిలు పిల్లల్లో యాభై మందికి పైగా హైదరాబాదు కంపెనీల సర్టిఫికెట్లు తెచ్చిచ్చారు. ఆ కంపెనీ గుమ్మం ఏ వైపు ఉందో వాళ్లకి తెలియదు. నెలల తరబడి ఇంట్లో పడుకుని, పని నేర్చుకున్నామని నలభై పేజీలు రాశారు. నిజంగా సైటుకి పోతానని పట్టుబట్టింది ఒక్క చెంచులక్ష్మి.

ఆ పిల్లది మర్రిపాడు మండలంలో ఒక పల్లె. గొర్రెలు కాసే కుటుంబం. మేత కోసం మందతో వాళ్ల నాయన కొన్ని నెలలు ఎక్కడెక్కడో తిరుగుతాడు. పిల్ల మాత్రం లెక్కల్లో చురుకు, మాటలో మొండి. చెన్నైలో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామని కాగితం కూడా ఇచ్చింది, జూన్ కల్లా డిగ్రీ చూపించాలన్న షరతు మీద. వాళ్ల వంశంలో నెల జీతం అనే మాట వినబోయే మొదటి మనిషి తను. డిపార్టుమెంటు హెడ్డు సురేంద్రబాబు గారు ఆ పిల్ల పోరు పడలేక, ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో హైస్కూలుకి రెండు గదులు కడుతున్న చంద్రమోహన్ అనే కాంట్రాక్టరుకి ఉత్తరం రాసిచ్చారు. పని అయ్యాక కాంట్రాక్టరు సర్టిఫికెట్టు ఇవ్వాలి, అది రిపోర్టుకి జతచేసి ఏప్రిల్ మొదటి వారంలో వైవాకి నిలబడాలి. అది లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే చెన్నై లేదు.

ఆ సైటు చూసే ఇంజనీరు పెంచలప్రసాద్. వాడూ మా కాలేజీ వాడే, మూడేళ్ల కిందట పాసయ్యాడు. ఇదే ల్యాబులో నా ముందు నిలబడి, పోట్లు లెక్క తప్పకుండా వేసిన బుద్ధిమంతుడు. అచ్చులో కాంక్రీటు మూడు పొరలుగా పోయాలి, ప్రతి పొరని ఇనప కడ్డీతో ముప్పై అయిదు పోట్లు పొడవాలి. మిగతా వాళ్లు పదితో సరిపెట్టేవాళ్లు. వాడొక్కడే పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవాడు. వాడి చేతి కిందికి పోతోందని తెలిసి నేను సంతోషించాను కూడా.

జనవరిలో చేరిన పిల్ల రెండు వారాలకి మా ల్యాబుకి వచ్చింది. చేతివేళ్లకి నీలం రంగు. సైటులో ఏం పని చెప్పారని అడిగాను. పెంచలప్రసాద్ మొదటి రోజే షెడ్డు చూపించాడట. చేతికి రంగు డబ్బా, సన్న బ్రష్షు ఇచ్చి, చేతిరాత బాగుందని తేదీలు రాయమన్నాడట. ఏ తేదీ అని అడిగితే నోటుబుక్కు తీసి, మూడు ఊళ్లలో మూడు స్లాబుల తేదీలు చదివాడట. అందులో ఒకటి ఈ స్కూలుదే, ఆ స్లాబు ఇంకా పొయ్యనే లేదు.

"నేను రాసినాను సార్. తొమ్మిది క్యూబుల మీద రాసినాక గానీ ఏం రాస్తుండానో నాకు తెలియలా," అంది.

అని ఏడవలేదు, తిట్టలేదు. మూడు ఇనప అచ్చులు కావాలని అడిగింది. స్కూలు మొదటి గది స్లాబు మరో మూడు రోజుల్లో పోస్తారనీ, అసలు కాంక్రీటులోంచి తనే మూడు క్యూబులు తీస్తాననీ చెప్పింది. ఆ గదిలో కూర్చోబోయేది ఆరో తరగతి పిల్లలు. నేను ఒక్కసారి ఆలోచించాను. చంద్రమోహన్ వాళ్లది పలుకుబడి ఉన్న ఇల్లు, వాళ్ల నాయన సర్పంచి, అంతకుముందు పెదనాయన సర్పంచి. సర్టిఫికెట్టు అతని చేతిలో ఉంది. ఆ మాటే చెప్పాను. తెలుసు సార్ అంది. నాకు ఆ 'తెలుసు సార్' మీద కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది. అచ్చులు ఒక్కోటి పది కేజీల పైమాటే. మూడింటినీ గోతాంలో కట్టి బస్టాండు దాకా మోసి, ఉదయగిరి బస్సులో డ్రైవరు వెనక సీటు కింద పెట్టించి వచ్చాను.

స్లాబు రోజు ఆ పిల్ల అచ్చులు నింపుతుంటే పెంచలప్రసాద్ నవ్వి ఊరుకున్నాడట. రికార్డు కోసం చేసుకుంటోందనుకున్నాడు. మర్నాడు అచ్చులు విప్పింది. సైటు తొట్టిలో వేస్తే ఎవరైనా మార్చేస్తారని భయం. అందుకని ఆటోలో వేసుకుని ఇంటికి తీసుకుపోయి, గొర్రెలు నీళ్లు తాగే సిమెంటు తొట్టిలో ముంచింది. వీటిని కదిలించొద్దని వాళ్ల అవ్వ రామలక్ష్మమ్మకి ఒక్క ముక్క చెప్పి సైటుకి వెళ్లిపోయింది. వారమంతా ఉదయగిరిలో స్నేహితురాలి గదిలో ఉండేది. ఆదివారం ఇంటికి పోయి తొట్టిలో చెయ్యి పెట్టి చూసుకునేది. క్యూబులు మూడూ నీళ్లలోనే ఉండేవి.

ఇరవై ఎనిమిదో రోజు సోమవారం పడింది. పొద్దున్నే తడి గోనెల్లో చుట్టిన మూడు క్యూబులతో ల్యాబు తలుపు దగ్గర నిలబడింది. నేను మొదటిది మిషనులో పెట్టాను. బరువు చూపే ముల్లు ఎక్కడం మొదలైంది. సగం దారిలో లోపల్నించి చిటపటమని చప్పుడొచ్చి, దిమ్మె మూలలు రాలిపోయాయి. లెక్క కట్టాను. పదమూడు. రెండోది పన్నెండు. మూడోది పదమూడు.

నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. ఇరవై రెండేళ్లుగా వేళ్లకి అంటిన రంగంతా ఆ మూడు దెబ్బలతో కడిగేసుకున్నట్టు అనిపించింది. చంద్రమోహన్ మొహం ఎలా మాడిపోతుందో అప్పుడే ఊహించుకుంటున్నాను. సురేంద్రబాబు గారు ఇంకా రాలేదు. రాగానే ఈ కాగితం ఆయన బల్ల మీద కొట్టినట్టు పెడదామని రాయడం మొదలుపెట్టాను.

పిల్ల మాత్రం పగిలిన ముక్క ఒకటి చేతిలో తిప్పుతోంది. నేనూ చూశాను. నిజానికి తనకంటే ముందే చూశాను. దిమ్మె పైన వేలెడు మందం మాత్రం తడిగా, నల్లగా ఉంది. లోపలంతా తెల్లగా పొడిబారి ఉంది. నెలంతా నీళ్లలో ఉన్న క్యూబు అలా ఉండదు. నడిబొడ్డు దాకా చెమ్మ ఉంటుంది. చూసి కూడా నేను రాస్తూ పోయాను. ఇన్నాళ్లూ అబద్ధం ఎక్కువ రాస్తే ఒప్పుకున్నాను, ఇప్పుడు తక్కువ వస్తే ఎందుకు కాదనాలి అనుకున్నాను. ఆ క్షణంలో నా బుద్ధి అది.

"లోపల ఎందుకిట్ట పొడిగా ఉండాది సార్?" అంది పిల్ల.

పోనీలేమ్మా అన్నాను. పోనీలేదు. ఫోను తీసి వాళ్లింటికి చేసింది. అవ్వ మాట గట్టిది, స్పీకరు అక్కర్లేకుండానే నాకూ వినపడింది. ఏమీ దాచలేదు పెద్దావిడ, ఎంతో ప్రేమగా చెప్పింది.

"సిమెంటు నీళ్లు తాగితే గొర్రెలకి కడుపుబ్బరం వస్తాది గదమ్మే. నువ్వు బస్సెక్కినాక తీసి గోడ మీద ఎండబెట్టేదాన్ని. ఇటుకలు ఎండితేనే గదా గట్టిపడేది. శనివారం సాయంత్రం మళ్లీ ఏసేదాన్ని, నువ్వొచ్చి చూసుకుంటావని."

అంటే నెలలో ఆ క్యూబులు నీళ్లలో ఉన్నది ఏడెనిమిది రోజులు, అదీ ముక్కలు ముక్కలుగా. పిల్ల ఫోను పెట్టేసింది. అవ్వని ఒక్క మాట అనలేదు. నీళ్లెందుకో ఆమెకి తను చెప్పలేదనీ, తప్పు తనదేననీ అంది. కాంక్రీటు ఎండకి ఎండి గట్టిపడదు, నీళ్లు తాగి గట్టిపడుతుంది. నాలుగేళ్లు చదివిన ఆ ఒక్క సంగతి ఇంట్లో మనిషికి చెప్పడం మరిచిపోయింది.

నేను ఊరుకోలేకపోయాను. ఏడెనిమిది రోజులు తడిస్తే ఓ నాలుగు తగ్గిందనుకో, అప్పుడైనా పదిహేడే కదా, ఇరవై కాదు కదా, కాంక్రీటులో లోటుందనేది నిజమే, ఈ కాగితం పోనిద్దాం అని బతిమాలాను. పదిహేడో, ఇరవయ్యో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు గదా సార్ అంది. నేను రాసిన కాగితం నా ముందునుంచి లాక్కుని, పదమూడు, పన్నెండు, పదమూడు అన్న అంకెల కింద తన చేత్తో రాసింది. క్యూబులు సరిగా నీళ్లలో ఉంచలేదు, ఈ ఫలితం చెల్లదు, పొరపాటు నాది. కింద సంతకం పెట్టింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. రాతలో ఎక్కడా నా పేరు లేదు, అయినా తగిలింది నాకే.

ఆ వారంలోనే అదే గదికి చెందినవని, రంగు వేసిన మూడు క్యూబులు కాంట్రాక్టరు దగ్గర్నుంచి వచ్చాయి. వాటి మీద చేతిరాత చెంచులక్ష్మిదే. ఈ మూడూ నేను పగలగొట్టను, వేరేవాళ్లతో చేయించుకోండి అని సురేంద్రబాబు గారికి చెప్పాను. ఆయన కొత్తగా చేరిన లెక్చరర్ని పిలిచారు. ముప్పై ఎనిమిది వచ్చింది. సంతకం నాది కాదు.

ఆయన చెడ్డ మనిషి కాదు. పిల్ల చెప్పుకున్న పొరపాటు విని మెచ్చుకున్నారు కూడా. అయిందేదో అయింది, రిపోర్టులో ఈ ముప్పై ఎనిమిది పెట్టి పూర్తి చెయ్యి, చంద్రమోహన్‌తో నేను మాట్లాడి సర్టిఫికెట్టు ఇప్పిస్తాను, జూన్ కల్లా చెన్నైలో ఉంటావు అన్నారు.

"ఆ తేదీ రాసింది నేనే సార్. అది అబద్ధమని నాకు తెలుసు," అంది పిల్ల. "రెండో గది స్లాబు ఇంకా పొయ్యలా. మళ్లీ తీస్తాను."

ఆయన గోడ మీద క్యాలెండరు చూపించారు. రెండో గది స్లాబు మార్చి పదిహేడున. ఇరవై ఎనిమిది రోజులంటే ఏప్రిల్ పద్నాలుగు. వైవా ఏప్రిల్ ఏడు. ఎలా లెక్కపెట్టినా వారం తక్కువ. ఏడో రోజునే పగలగొట్టి అంచనా వేసే పరీక్ష ఉంది, దాంతో సరిపెట్టమన్నారు. మొదటిసారి తప్పు చేసినదాన్ని, ఈసారి మొత్తం చెయ్యకపోతే ఎవరు నమ్ముతారు అని పిల్ల అడిగింది. అయితే సప్లిమెంటరీలోనే, నవంబరు దాకా ఆగాలి అన్నారు. ఆగుతానంది. ఆయనకి అప్పుడు కోపమొచ్చింది. ఉద్యోగం పోయాక కాంక్రీటు ముక్కలు పట్టుకుని తిరుగు అని గట్టిగానే అన్నారు. బయటికి వచ్చాక పిల్ల ల్యాబు మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను గానీ వద్దనలేదు. పోయేది ఉద్యోగం, ఏడవకుండా ఎలా ఉంటుంది? కళ్లు తుడుచుకుని మళ్లీ అచ్చులు అడిగింది.

పదమూడు కథ చంద్రమోహన్ దాకా పోయింది. గొర్రెల తొట్టి సంగతి విని, ఉదయగిరి బస్టాండు టీకొట్టు దగ్గర పదిమందిలో పగలబడి నవ్వాడట. ఎన్ని అచ్చులైనా తెచ్చుకోమను, మా కాంక్రీటుకి భయమేంది అన్నాడట. అలా అన్నాక ఇక వద్దనడానికి లేదు కదా. ఆ పొగరే ఈ పిల్లకి దారి ఇచ్చింది.

మార్చి పదిహేడున నేను సెలవు పెట్టి సైటుకి పోయాను. ఎండ మాడ్చేస్తోంది. కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది, ఆడవాళ్లు బొచ్చెలు అందుకుంటున్నారు. చెంచులక్ష్మి మిల్లరు పక్కన తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో చిన్న నోటుబుక్కుతో పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా కూర్చోలేదు. ఎన్ని బస్తాలు విప్పితే అన్ని గీతలు గీసింది. మధ్యలో అచ్చులు నింపింది. ముప్పై అయిదు పోట్లు, మూడు పొరలు. పెంచలప్రసాద్ మేస్త్రీల మీద అరుస్తూనే మధ్య మధ్య ఆగి, ఆ కడ్డీ వైపు చూస్తున్నాడు. ఆ పెదవులు మళ్లీ కదలడం నేను చూశాను.

ఈసారి పిల్ల అవ్వకి అంతా విడమరిచి చెప్పిందట. గొర్రెలకి వేరే బాన పెట్టి, తొట్టి క్యూబులకే ఇచ్చేశారు. అవ్వ ఎంతగా అర్థం చేసుకుందంటే, రోజూ పొద్దున తొట్టిలో నీళ్లు అంచు దాకా ఉన్నాయో లేదో చూసి మనవరాలికి ఫోనులో చెప్పేది. కొత్త కుండకి నీళ్లు ఎందుకు పట్టిస్తామో నాకు తెలీదా, ముందే చెప్తే పోయేది గదా అని కసిరిందట కూడా.

ఏప్రిల్ ఏడున వైవా జరిగింది. యాభై తొమ్మిది మంది కొత్త చొక్కాల్లో వచ్చారు. హైదరాబాదు సర్టిఫికెట్లు ప్లాస్టిక్ ఫోల్డర్లలో మెరిశాయి. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇచ్చి మధ్యాహ్నానికి ముగించాడు. చెంచులక్ష్మి పేరు ఎదుట ఆబ్సెంటు పడింది. నెలాఖరున చెన్నై వాళ్లకి తనే మెయిలు పెట్టింది, జూన్‌కి డిగ్రీ రాదని. వాళ్లు ఒక్క వాక్యంలో జవాబిచ్చారట. ఆ వాక్యం నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. కానీ అది తర్వాతి సంగతి. అంతకుముందే ఏప్రిల్ పద్నాలుగు వచ్చింది.

ఆ రోజు సెలవు దినం. వాచ్‌మన్‌తో చెప్పి ల్యాబు తలుపు నేనే తీయించాను. ఆ పిల్ల తడి గోనెలతో వచ్చింది. వెనక పెంచలప్రసాద్ ఉన్నాడు. ఎందుకొచ్చావురా అంటే, క్యూబులు బరువు కదా సార్, బండి మీద తెచ్చినాను అన్నాడు. ముగ్గురమే ఉన్నాం. మొదటి క్యూబు పెట్టాను. ముల్లు ఎక్కుతోంది, ఎక్కుతోంది. మొన్న పగిలిన చోటు దాటింది. ఇరవై దాటింది. అప్పుడు పగిలింది. ఇరవై నాలుగు. రెండోది ఇరవై మూడు. మూడోది ఇరవై నాలుగు. పగిలిన ముక్కలు లోపలి దాకా నల్లగా, చల్లగా ఉన్నాయి.

మంచి కాంక్రీటు. ఉద్యోగం పోగొట్టుకుని, డిగ్రీ వెనక్కి పెట్టుకుని, ఈ పిల్ల చివరికి రుజువు చేసింది చంద్రమోహన్ నిజాయితీనా? అతను ఈ కాగితం ఫ్రేము కట్టించుకుంటాడు. నాకు ఆ పిల్ల మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

పిల్ల మాత్రం ముక్కలు ఏరి, చెమ్మ చూసుకుని, అంకెలు రాసుకుంది.

"మంచిదే గదా సార్. రెండో గదిలో పిల్లోళ్లు కూర్చోవచ్చు," అంది. తర్వాత పెంచలప్రసాద్ వైపు తిరిగింది. "రెండో గదికి నలభై ఎనిమిది బస్తాలు పడినాయి అన్నా. నేను గీతలు గీసినాను. మొదటి గదికి ఎన్ని పడినాయి?"

వాడు మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. నువ్వు నోటుబుక్కు పట్టుకుని నిలబడితే బస్తా తగ్గించే ధైర్యం ఎవరికుంటుంది అని గొణిగాడు. వాణ్ణి అనడానికి నాకేం అర్హత ఉంది? తర్వాత వాడే చెప్పాడు, నేలని చూస్తూ. ముప్పై నాలుగు.

రెండూ ఒకే కొలత గదులు. నలభై ఎనిమిది పడాల్సిన చోట ముప్పై నాలుగు. పిల్ల ముక్కు చీదుకుని, మామూలు గొంతుతో అంది.

"అది రాసియ్యన్నా. స్కూలు కట్టించే శాఖ వాళ్లకి. ఆ గదికి తాళం వేసి, పైకప్పు పరీక్ష చేయించమని."

రాసిస్తే నా గతి ఏంది అన్నాడు వాడు. పెళ్లయింది, ఏడాది బిడ్డ ఉంది, చంద్రమోహన్ కాదంటే ఈ చుట్టుపక్కల ఇంకెవరూ పని ఇవ్వరు అన్నాడు. అదంతా నిజమే. పిల్ల కాదనలేదు. నీ ఇష్టం అన్నా అని మాత్రం అంది. నువ్వు రాయకపోతే నేను నా రిపోర్టులో మొదటి గది గురించి నాకు తెలియదనే రాస్తాను, తెలిసిన మనిషి ఎవరో కూడా రాస్తాను అంది. బెదిరింపులా అనలేదు. రేపు బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. వాడు లేచి, బండి తాళం తీసుకుని, చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను.

మర్నాడు తొమ్మిదింటికి నేను ల్యాబు తాళం తీస్తుంటే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని కళ్లు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. పూర్వం రికార్డు దిద్దమని తెచ్చినట్టే రెండు చేతులా పట్టుకుని ఇచ్చాడు. చెంచులక్ష్మి కూడా అప్పుడే అచ్చులు అప్పగించడానికి వచ్చింది. ఇద్దరం కలిసి చదివాం. స్లాబు తేదీ, పడాల్సిన బస్తాలు, పడిన బస్తాలు, షెడ్డులో క్యూబులు ఎప్పుడు పోసిందీ, వాటి మీద తేదీలు ఎవరు చెబితే ఎవరు రాసిందీ, అన్నీ ఉన్నాయి. తన తప్పు ముందు రాసి, చంద్రమోహన్ మాట తర్వాత రాశాడు. ఒక్క అక్షరం మెలిక లేదు. తేదీలు చెప్పినవాడు తను, రాసింది చెంచులక్ష్మి అని కూడా ఉంది. ఆ ముక్క దగ్గర ఆగి పిల్ల తల ఊపింది.

నేనూ ఒక కాగితం తీసుకున్నాను. రంగు పచ్చిగా ఉన్న క్యూబులు ఇన్నేళ్లు నేనే పగలగొట్టాననీ, తెలిసే సంతకం పెట్టాననీ రాసి దానికి జతచేశాను. సురేంద్రబాబు గారు ఏమంటారో అప్పుడు నాకు పట్టలేదు.

కాగితం మడవబోతుంటే పిల్ల ఆపింది. కింద సంతకం చూపించింది. కె. పెంచలప్రసాద్ అని ఉంది, అంతే.

"పేరు పక్కన బీటెక్ అని రాయలేదేందన్నా?" అంది.

వాడు బిత్తరపోయి చూశాడు. ఇప్పుడు అదెందుకు అన్నాడు. మేస్త్రీ చెప్పినాడనుకుంటే పక్కన పడేస్తారు, ఇంజనీరు చెప్పినాడని తెలియాల గదా అంది. నేను పెన్ను ఇచ్చాను. మూడేళ్లుగా డిగ్రీ చేతిలో ఉన్నవాడు, ఆ మూడు అక్షరాలు రాయడానికి బల్ల మీదికి వంగాడు. డిగ్రీ ఇంకా చేతికి రాని పిల్ల, రాయడం అయ్యేదాకా కాగితం జరగకుండా అంచు పట్టుకుని నిలబడింది.